పైపుతో చేసిన విల్లు పిల్లగాని చేతికి ఇయ్యొచ్చా?

హన్మకొండ మామ:
మా అక్క కొడుక్కు 11 ఏండ్లు. హాంగ్జౌ ఏషియన్ గేమ్స్‌ల జ్యోతి సురేఖ మూడు బంగారు పతకాలు కొట్టిన వీడియోలు చూసినప్పటి సంది బాణాల పిచ్చి పట్టింది. దుకాణంల కొందామంటే విల్లు, బాణాలు, చేతి పట్టీ అన్నీ కలిపి నా జేబుకు బరువే. వాని పిచ్చి నెల ఉంటదో, ఏడాది ఉంటదో తెల్వది. అందుకే నిన్న హార్డ్‌వేర్ షాపుల ముప్పావు ఇంచు పీవీసీ పైపు, మేస్త్రీలు గోడకు సూటి కట్టే నైలాన్ దారం తెచ్చిన. మా బావ ఒకటే లొల్లి. గసొంటి విల్లుతో నేర్చుకుంటే చెయ్యి చెడుతదట, కండ్లు పోతయట. చేసినోళ్ళు, నేర్పినోళ్ళు చెప్పుర్రి. విల్లు చెయ్యాల్నా, పైపును బాత్రూంకు వాడాల్నా?

కాజీపేట లోకో:
చెయ్యి అన్నా, గిందుల అడిగేదేముంది. మనం గొడుగు చువ్వ వంచి, సుతిలి కట్టి, చీపురు పుల్లలు కొట్టలేదా? ఎవ్వనికేమైంది? సరే, మా తమ్ముని చెవికి కొంచెం అయింది.

రిటైర్డ్ పీఈటీ:
మీ బావ మాటను కొట్టిపారేయకండి. సామాను నాసిరకంగా ఉండటం కన్నా, ప్రతిసారీ ఒకేలా ఉండకపోవడం పెద్ద చిక్కు. నైలాన్ దారం సాగుతుంది. పొద్దున కట్టిన నారి సాయంత్రానికి వదులవుతుంది. నిన్న తగిలిన చోటికి ఈ రోజు బాణం పోదు. పిల్లవాడేమో తప్పు తనదే అనుకుని చెయ్యి మారుస్తాడు, మెడ వంచుతాడు. దానికి తోడు బాణం పెట్టుకునే గూడు ఉండదు, పిడికిలి మీద రాసుకుంటూ పోతుంది. రెండుసార్లు గీరుకుందంటే మూడోసారి నారి వదిలే ముందే కళ్ళు మూసుకుంటాడు. ఆ అలవాటు మాన్పించడానికి నాకు నెలలు పట్టిన పిల్లలున్నారు. ఒలింపిక్స్‌లో 70 మీటర్ల నుంచి కొట్టాలి. పది పాయింట్లు వచ్చే నడి వలయం అడ్డం 12.2 సెంటీమీటర్లే. అక్కడికి పోవాలనుకునేవాడికి పునాది ఇలా వేస్తారా?

కాజీపేట లోకో:
సార్, ఒలింపిక్స్‌ల బాణాలు కొట్టిన దీపికా కుమారి వెదురు విల్లుతోనే మొదలుపెట్టింది కదా? వాళ్ళ నాయిన ఆటో నడిపేటాయన. అప్పుడు ఆమెకు పునాది ఎవరు వేసిండ్రు?

రిటైర్డ్ పీఈటీ:
మొదలుపెట్టింది, నిజమే. కానీ 2006లో టాటా ఆర్చరీ అకాడమీలో చేరింది. అక్కడ మంచి విల్లు, కోచ్ దొరికారు. 2010 ఢిల్లీ కామన్వెల్త్ స్వర్ణం ఆ తరువాతి మాట. ఈ కథ చెప్పేవాళ్ళంతా వెదురు దగ్గరే ఆగిపోతారు. ఇంకోటి, జాతీయ పోటీల్లో వెదురు విల్లుకు ఇండియన్ రౌండ్ అని విడిగా ఓ విభాగమే ఉంది. పైపు విల్లుకు అదీ లేదు.

కమలాపూర్ ఫిట్టర్:
పైపు పని నా బువ్వ. ఆరు విండ్లు చేసిన, మూడు ఇరిగినయి. ఇరిగినవాటి సంగతే చెప్తా.

మొదటిదాన్ని నారి ఇప్పకుండ మే నెల ఎండల డాబా మీద మరిచిన. సాయంత్రం చూస్తే బట్టలారేసే హ్యాంగర్ లెక్క వంగి ఉన్నది, నారి ఇప్పినా సక్కగ కాలే. రెండోదాన్ని గ్యాస్ పొయ్యి మంట మీదనే కాల్చిన. పీవీసీ 80 డిగ్రీల కాడనే మెత్తబడుతది, మంట అక్కరనే లేదు. గోధుమ రంగు తిరిగి, పొగ గొంతుల పట్టి రాత్రంతా దగ్గు. అది హైడ్రోజన్ క్లోరైడ్, పీల్చేది కాదు. ఆ మాడిన కాడనే తర్వాత ఇరిగింది. మూడోది జనవరి పొద్దుగాల. చలికి పైపు పెళుసైతది. మావోడు బాణం పెట్టకుండనే నారి లాగి వదిలిండు, పట్‌మని ముక్క లేచి నీళ్ళ ట్యాంకుకు తగిలింది. బాణం లేకుంటే ఆ ఊపంతా తిరిగి విల్లుకే తగులుతది. ముక్క తగిలింది ట్యాంకుకు కాబట్టి ఇయ్యాల గిట్ల రాస్తున్న.

ఇప్పుడైతే పల్లీలు ఏంపినట్టు కడాయిల ఇసుక ఏడిచేసి పైపుల పోస్త. నడుమ జానెడు గుండ్రంగనే ఉంచి, కొసల దిక్కు పోంగపోంగ రెండు పలకల నడుమ ఎక్కువ నొక్కుత. అయినంక కొస నుంచి కొస దాక బట్ట టేపు చుట్టుత. ఇరిగినా ముక్క ఎగరదు. సామాన్ల బరువు చూసే కొక్కెం త్రాసు నారికి తగిలించి పిల్లగాడు లాగేటంత లాగి చూడు, 5-6 కిలోలు దాటనియ్యకు. నారి రోజూ ఇప్పాలె.

మేదరింటోడు:
మాయి గంపలు, చాటలు అల్లే చేతులు. ఇంత కష్టపడి పైపును వెదురు లెక్క చేసుడెందుకు? వెదురునే తెచ్చుకోరాదు? పండిన బద్ద తీసుకో. పైతోలు దిక్కు నారలు దగ్గరగుంటయి, సాగే బలం ఆడనే. ఆ తోలు చెక్కకుండ గురి దిక్కు పెట్టి, లోపలి దిక్కే చెక్కుకుంట రావాలె. కణుపు కాడ కత్తి ఆపి ఆపి పోనియ్యి. పచ్చిది వంచితే అట్లనే ఉండిపోతది. నీడకు నెలలు ఆరాలె, మా తాత పొయ్యి మీది అటకల పెడుతుండె. పొగకు పురుగు రాదు.

అసలు మీరంత విల్లు కాడనే కొట్లాడుతున్నరు, బాణం అడిగినోడు లేడు. షాపులల్ల గుండ్రటి సన్న కట్టెలు అమ్ముతరు, అవ్విటితోని అసలే చెయ్యకు. కట్టె ధారి, అంటే లోపలి నారల గీత, పక్కకు ఏటవాలుగ పోయిందంటే వదిలినప్పుడు ఆడనే చీలి, విల్లు పట్టిన చెయ్యిల దిగుతది. సన్న వెదురు పుల్లయితే ప్రతిసారి వంచి చెవి కాడ పెట్టుకో. చిటచిట సప్పుడొస్తే పొయ్యిల పెట్టు.

రిటైర్డ్ పీఈటీ:
ఈ మాట బంగారం. నేను కొంచెం దిగుతాను. విల్లు ఇంట్లో చేసుకోండి, బాణాలు మాత్రం కొనండి. మొద్దు ములికివి ఆరు చాలు.

మేదరింటోడు:
ఏరి తెచ్చిన వెదురు మీద నాకు నమ్మకముంది సార్. కొనుడు మీ ఇష్టం.

హన్మకొండ మామ:
సార్ మాట కొంత, ఫిట్టరన్న మాట కొంత విన్న. నారికి నైలాన్ పక్కకు పెట్టి సాగని పాలిస్టర్ దారం తెస్త. బాణాలు కొంట. పిడికిలి కాడ పైపు మీద చిన్న చెక్క ముక్క కట్టి, దానికి తోలు అంటించి గూడు చేస్త, సరిపోతదా సార్? బావకు ఇంకా చెప్పలే. పిట్టల దిక్కు ఎక్కుపెడితే అదే రోజు విల్లు గుంజుకుంట అని పిల్లగానికి మాత్రం చెప్పిన. గురికి గోనె సంచుల పాత బట్టలు కుక్కి, ఎనక పత్తి పరుపు నిలబెడుదామనుకుంటున్న, గోడకు తగిలి బాణం తిరిగొస్తే కష్టం. ఎనుమాముల మార్కెట్ దిక్కు ఉండేటోళ్ళు ఎవరన్నా ఉన్నరా? చిరగని సంచులు ఓ నాలుగు కావాలె.