సెలవు రోజు ముందు రాత్రి పంటి నొప్పి, చెంప వాపు: కొత్త పేటలో దంతవైద్యం ఎక్కడ దొరుకుతుంది?

ప్రశ్న:
మేము ఈ పేటకు వచ్చి నెల కూడా కాలేదు. మా నాన్నగారికి నిన్న సాయంత్రం నుంచి కుడివైపు కింది దవడ పన్ను సలుపుతోంది, ఈ రాత్రికి చెంప కూడా ఉబ్బింది. ఆయనకు 68 ఏళ్లు, రక్తం పలచబరిచే మాత్ర రోజూ వేసుకుంటారు. రేపు ఆదివారం. ఫోనులో మ్యాప్ తెరిస్తే చుట్టుపక్కల చాలా దంతవైద్యశాలలు కనిపిస్తున్నాయి గాని, నాలుగింటికి ఫోను చేసినా ఎవరూ తీయలేదు. ఇప్పుడే ఆసుపత్రికి తీసుకువెళ్లాలా, తెల్లవారే దాకా ఆగవచ్చా? వేడి కాపడం పెడితే వాపు తీస్తుందని ఇంట్లో అంటున్నారు, అది మంచిదేనా?

సమాధానం (దంతవైద్యురాలు):
అమ్మా, క్లినిక్ కోసం వెతకడం కాసేపు ఆపి, ముందు నాన్నగారిని దీపం వెలుతురులో కూర్చోబెట్టి చూడండి. ఒక గుక్క నీళ్లు ఇచ్చి మింగమనండి. నోరు తెరిచినప్పుడు పై పళ్లకు, కింది పళ్లకు మధ్య ఆయన రెండు వేళ్లు పడుతున్నాయో లేదో గమనించండి. నాలుక పైకెత్తించి దాని అడుగుభాగం ఉబ్బి గట్టిపడిందేమో, గడ్డం కింద వాపు మెడవైపు దిగుతోందేమో వేలితో తాకి చూడండి. మింగలేకపోయినా, సొంగ కారుతున్నా, మాట ముద్దగా వస్తున్నా, ఊపిరి ఆడటం కష్టంగా ఉన్నా, నోరు తెరుచుకోకపోయినా ఒక్క నిమిషం కూడా ఆగకుండా పెద్దాసుపత్రి క్యాజువాలిటీకే వెళ్లాలి. కింది దవడ పళ్ల చీము నాలుక కిందికి పాకి శ్వాసమార్గాన్ని మూసివేయగలదు. దాన్ని క్లినిక్‌లో ఎవరూ సంబాళించలేరు. పై పన్ను వాపు కంటి దాకా ఎక్కినా, వణుకుతో జ్వరం వచ్చినా ఇదే మాట.

ఇవేవీ లేకపోతే తెల్లవారే దాకా ఆగవచ్చు గాని, సోమవారం దాకా ఆగకూడదు. కాపడం పెట్టకండి. లోపల చీము ఉన్నప్పుడు వేడి వల్ల వాపు పెరిగే ప్రమాదం ఉంది. గుడ్డలో చుట్టిన మంచుముక్కను చెంపపై 10 నుంచి 15 నిమిషాలు ఉంచి తీయండి. పడుకుంటే తలవైపు రక్తప్రవాహం పెరిగి పోటు ఎక్కువవుతుంది కనుక తలకింద రెండు మూడు దిండ్లు పెట్టండి. నొప్పికి సాధారణంగా ఐబుప్రొఫెన్ బాగా పనిచేస్తుంది, కానీ రక్తం పలచబరిచే మందు వాడేవారికి అది గాని ఆస్పిరిన్ గాని సొంతంగా ఇవ్వకూడదు. పారాసెటమాల్ ఇవ్వండి, ఎన్ని మాత్రలైనా కలిపి 24 గంటల్లో 4 గ్రాములు మించకూడదు, కాలేయ జబ్బు ఉంటే ఆ పరిమితి ఇంకా తక్కువ. ఆయన రోజూ వేసుకునే మాత్రను మాత్రం మీ అంతట మీరు ఆపవద్దు. ఇంట్లో మిగిలిపోయిన యాంటీబయాటిక్ కూడా వేయకండి. చీము బయటికి పోయే దారి చేయనిదే, అంటే పన్ను తెరిచో తీసివేసో చిగురు కోసో శుభ్రం చేయనిదే, మందు ఒక్కటే ఈ జబ్బును తీర్చదు. ఇంకో సంగతి, తెల్లవారుజామున నొప్పి ఉన్నట్టుండి మాయమైతే తగ్గిపోయిందని ప్రయాణం మానుకోకండి. పంటిలోని నరం చచ్చిపోయినా నొప్పి అలాగే ఆగుతుంది, చీము మాత్రం లోపల తన పని తాను చేసుకుపోతూనే ఉంటుంది.

ప్రశ్న అడిగినవారు:
చూశానండి. నీళ్లు బాగానే మింగారు, రెండు వేళ్లు పడుతున్నాయి, నాలుక కింద మెత్తగానే ఉంది, జ్వరం లేదు. ఎంతో ధైర్యం చెప్పారు. మరి పొద్దున్నే ఎక్కడని వెతకాలి?

సమాధానం (మరో సభ్యుడు):
మ్యాప్‌లో చూపే పనివేళలను, ముఖ్యంగా సెలవురోజుల వేళలను నమ్ముకుని బయల్దేరకండి. వాటిని సకాలంలో మార్చేవారు తక్కువ. ఫోను ఎవరూ తీయకపోయినా వెంటనే పెట్టేయకండి. కొన్నిచోట్ల రికార్డు చేసిన మాట చివరలో అత్యవసర నంబరు చెబుతారు. మీ పాత ఊరి దంతవైద్యుడికి కూడా ఒకసారి ఫోను చేయండి. దూరం వల్ల ఆయన చూడలేకపోయినా, మీ పేటలో తనకు తెలిసిన వైద్యుడి పేరు చెప్పవచ్చు, పాత ఎక్స్‌రేలు పంపవచ్చు. రాత్రంతా తెరిచి ఉండే మందుల దుకాణంలో అడిగితే ఆదివారం ఎవరు వస్తారో చాలాసార్లు తెలుస్తుంది. ఇవేవీ కుదరకపోతే డెంటల్ కాలేజీ ఆసుపత్రికి గాని, నోరు-దవడల శస్త్రచికిత్స విభాగం ఉన్న పెద్దాసుపత్రికి గాని ఫోను చేయండి. ఆ విభాగం లేని ఆసుపత్రికి వెళ్తే ఇంజెక్షను, మాత్రలు ఇస్తారు గాని పన్ను ముట్టుకునేవారు ఉండకపోవచ్చు.

నా అనుభవంలో అన్నిటికంటే ముఖ్యమైనది ఫోనులో చెప్పే మొదటి వాక్యం. మా ఇంట్లో ఇలాంటి అవసరం వచ్చినప్పుడు నేను "పన్ను నొప్పిగా ఉంది" అని మాత్రమే అంటే నాలుగు రోజుల తర్వాత రమ్మన్నారు. వాపు సంగతి చెప్పలేదని గుర్తొచ్చి మళ్లీ చేస్తే, గంటలో తీసుకురమ్మన్నారు. అందుకని మీరు ఇలా మొదలుపెట్టండి: "మా నాన్నగారికి 68 ఏళ్లు, నిన్నటి నుంచి కింది దవడ పన్ను నొప్పి, రాత్రి నుంచి చెంప వాపు, జ్వరం లేదు, రక్తం పలచబరిచే మందు వాడుతున్నారు." ఆ తర్వాత మూడు సంగతులు అడగండి: డాక్టరుగారు స్వయంగా ఉన్నారా, అక్కడే ఎక్స్‌రే తీస్తారా, అవసరమైతే ఈరోజే చీము తీయడమో పన్ను తీయడమో చేస్తారా? మందు చీటీ మాత్రమే రాసిచ్చేటట్లయితే మరో చోటికి ఫోను చేయడమే మేలు. ఆయన వాడే మందుల అట్టలను, ఏ మందు పడదో రాసిన కాగితాన్ని, ఐఎన్ఆర్ పరీక్ష (రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చూసేది) చేయిస్తుంటే చివరి ఫలితాన్ని వెంట తీసుకువెళ్లండి.

మరో ప్రశ్న:
ఇదే సందర్భంలో అడుగుతున్నాను. మా అబ్బాయి బడిలో ఆటలు ఆడతాడు. దెబ్బ తగిలి పన్ను పూర్తిగా ఊడిపోతే కూడా ఇలాగే ఫోన్లు చేసి వెతకాలా?

సమాధానం (దంతవైద్యురాలు):
అక్కడ వరుస తారుమారవుతుంది. ముందు పన్ను, తర్వాతే ఫోను. ఊడింది పాలపన్ను అయితే తిరిగి పెట్టకూడదు. శాశ్వత దంతమైతే వేరును ముట్టుకోకుండా, నోట్లో తెల్లగా కనిపించే భాగాన్ని పట్టుకుని ఎత్తండి. మట్టి అంటితే పాలతో క్షణకాలం కడగండి, రుద్దకండి. పిల్లవాడు నిబ్బరంగా ఉంటే పంటిని దాని గుంటలోనే సరైన వైపు తిప్పి పెట్టి, శుభ్రమైన గుడ్డను కరిచి పట్టుకోమనండి. అది సాధ్యం కాకపోతే పన్నును పాలలో వేసి తీసుకురండి, నీళ్లలో వేయకండి. వేరును అంటిపెట్టుకుని ఉండే కణాలు పొడిగా ఉంటే 60 నిమిషాల్లోపే చాలావరకు చచ్చిపోతాయి. నీళ్లు కూడా వాటిని పాడుచేస్తాయి, పాలలో మాత్రం కొంతసేపు బతుకుతాయి. స్పృహ తప్పినా, వాంతులైనా తల దెబ్బ సంగతి ముందు చూడాలి కనుక నేరుగా ఆసుపత్రికే వెళ్లండి.

ప్రశ్న అడిగినవారు (మరుసటి రోజు):
ఆరో ఫోనుకు దొరికారు. ఆ వాక్యం చెప్పగానే, రక్తం పలచబరిచే మందు సంగతి వాళ్లే మళ్లీ అడిగి, తొమ్మిదింటికల్లా రమ్మన్నారు. ఎక్స్‌రే తీసి, ఆ పన్ను నిలవదని చెప్పి తీసివేశారు, కుట్లు వేశారు. ఇంటికొచ్చి రెండు గంటలైంది, ఉమ్మి ఎర్రగా వస్తోంది. మళ్లీ పరుగెత్తాలా?

సమాధానం (దంతవైద్యురాలు):
ఉమ్మిలో ఎరుపు చారలు ఈరోజంతా ఉండవచ్చు. రక్తమే ఊరి నోరు నిండుతుంటే, శుభ్రమైన దూది గుడ్డను మందంగా మడిచి, తడిపి పిండి, సరిగ్గా ఆ గుంటపైన పెట్టి 30 నిమిషాలు గట్టిగా కరిచి ఉంచమనండి. ఆగిందా లేదా అని మధ్యలో తీసి చూడవద్దు, తీసినప్పుడల్లా గడ్డకట్టిన రక్తం ఊడివస్తుంది. రేపటి దాకా పుక్కిలించడం, గట్టిగా ఉమ్మడం, పొగ తాగడం కూడదు. ఆ 30 నిమిషాల తర్వాత కూడా ఆగకపోతే పొద్దున చూసిన వైద్యులకే ఫోను చేయండి. వారు తీయకపోతే ఆసుపత్రికి వెళ్లండి.