విశాఖ ఉక్కపోతలో సెంటు సాయంత్రం దాకా నిలవాలంటే ఏది ముందు, ఏది తరువాత?

ప్రశ్న: గాజువాక ప్రయాణికురాలు

నేను మద్దిలపాలెంలో ఉంటూ గాజువాకలోని ఒక ఆఫీసులో పనిచేస్తున్నాను. ఉదయం బయలుదేరే ముందు నిమ్మ, నారింజ వాసనల ఓ ద టాయిలెట్ (పలుచని రకం సెంటు) చల్లుకుంటాను గానీ, బస్సు ఎన్‌ఏడీ కూడలి దాటేసరికే అది ఉందో లేదో తెలియకుండా పోతోంది. ఇంట్లో చందనం అత్తరు చిన్న సీసా ఒకటి, మల్లె వాసన గల ఓ ద పర్ఫ్యూమ్ (అంతకంటే చిక్కని రకం) ఒకటి ఉన్నాయి. వాసనలను ఒకదానిపై ఒకటి వేసుకునే లేయరింగ్ పద్ధతిలో పరిమళం ఎక్కువసేపు నిలుస్తుందని విన్నాను. ఏ వరుసలో వేసుకోవాలి? ఒంటికా, బట్టలకా? బస్సులో పక్కన కూర్చున్నవారికి తలనొప్పి తెప్పించకుండా ఇది సాధ్యమేనా?

సమాధానం: అత్తరు ప్రియుడు

ఇది మీ సీసా లోపం కాదండీ, నిమ్మజాతి వాసనల స్వభావమే అంత. నిమ్మ, నారింజ తొక్కల్లో ప్రధానంగా ఉండే లిమోనిన్ 176 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరిగితే, చందన తైలంలోని శాంటలాల్ మరగడానికి 300 డిగ్రీల పైమాటే కావాలి. అందువల్ల మొదటిది ఒంటి వేడికే చప్పున ఎగిరిపోతుంది, రెండవది చర్మాన్ని అంటిపెట్టుకొని నిదానంగా వదులుతుంది. ఓ ద టాయిలెట్‌లో సుగంధ ద్రవ్యాలు సుమారు 5 నుంచి 15 శాతం, ఓ ద పర్ఫ్యూమ్‌లో 15 నుంచి 20 శాతం ఉంటాయన్నది నిజమే గానీ, ఆ అంకె ఒక్కటే చూసి కొనడం తెలివైన పని కాదు; అడుగున చందనమో వట్టివేరో కస్తూరి తరహా వాసనో ఉన్న పలుచని సెంటు, ఉత్త నిమ్మతో చేసిన చిక్కని సెంటు కంటే ఎక్కువసేపు నిలుస్తుంది.

మీరు అడిగిన వరుస ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో అత్తరు తీసే విధానంలోనే ఉంది. అక్కడ డేగ్ అనే రాగి పాత్రలో పూలు, నీళ్ళు పోసి కాచి, ఆ ఆవిరిని వెదురు గొట్టం గుండా భప్కా అనే మరో పాత్రలోకి పంపుతారు. సంప్రదాయం ప్రకారం ఆ భప్కాలో ముందే చందన తైలం పోసి ఉంచుతారు కనుక, పూల వాసన వచ్చి అందులో దిగుతుంది. మీరూ అదే క్రమం పాటించండి. స్నానం చేసి ఒళ్ళు పూర్తిగా ఆరాక, గాజుపుల్లతో ఛాతీ మీద, మెడ వెనుక ఒక్కొక్క చుక్క చందనం అద్ది, అది ఇంకిన తరువాత మల్లె స్ప్రే ఒక్కసారి చల్లండి. నిమ్మ కూడా కావాలనుకున్న రోజున మల్లెను మానేసి, నిమ్మను చివరగా బట్టల మీద వేసుకోండి. మూడూ ఒకేసారి వేస్తే ఏదీ విడిగా తెలియదు.

ఇంకో మాట. చందనం ఖరీదు పెరిగిపోవడంతో చాలా చౌక అత్తర్లలో దాని బదులు లిక్విడ్ పారాఫిన్ అనే వాసన లేని ఖనిజ నూనె కలుపుతున్నారు, కాబట్టి మీ సీసాలోని వాసన మధ్యాహ్నం దాకా ఉంటుందో లేదో ముందు ఒక్కదాన్నే పూసుకొని చూడండి.

సమాధానం: పెదవాల్తేరు నివాసి

పై వరుసతో ఏకీభవిస్తాను గానీ, చోటు విషయంలో విశాఖ వాతావరణాన్ని లెక్కలోకి తీసుకోవాలి. పొడి చర్మం మీద సెంటు త్వరగా పోతుంది, కనుక ముందు వాసన లేని మాయిశ్చరైజర్ రాసుకోమంటారు. డిసెంబరులో ఇది చక్కగా పనిచేస్తుంది. మే నెలలో మాత్రం వ్యాజలీన్ వంటివి రాసుకుంటే జిగట తప్ప ప్రయోజనం కనిపించదు, ఎందుకంటే మెడ మీద వేసిన దాన్ని చెమటా, ఆ చెమట తుడిచే చేతిరుమాలూ కలిసి పట్టుకుపోతాయి. వేసవిలో స్ప్రేలకు నూలు బట్టలే మేలు. చున్నీ లోపలి అంచు మీద జానెడు దూరం నుంచి చల్లితే, ఒంటి మీద కంటే చాలా ఎక్కువసేపు ఉంటుంది. పట్టుచీర మీద వద్దు, మరక పడుతుంది; అత్తరు నూనె కాబట్టి దాన్ని ఏ బట్టకూ నేరుగా తగలనివ్వకండి.

నిమ్మజాతి నూనెలను ఇంట్లో కలిపి మెడకు రాసుకొని ఎండలో తిరగవద్దు. బెర్గమోట్ నూనెలోని బెర్గాప్టెన్ అనే పదార్థం ఎండ తగిలితే చర్మాన్ని కమిలిస్తుంది, ఆ నల్లమచ్చలు ఓ పట్టాన పోవు.

గాజువాక ప్రయాణికురాలు

ఇద్దరికీ ధన్యవాదాలు. చున్నీ సలహా వెంటనే పాటించగలను. చందనం, మల్లె రెండింటినీ ఒకే చిన్న సీసాలో కలిపి బ్యాగులో ఉంచుకోవచ్చా?

సమాధానం: సింహాచలం అడివివరం వాసి

కలపకండమ్మా. ఒకటి నూనె, మరొకటి ఆల్కహాలు. పాళ్ళు కుదరకపోతే మసకబారి అడుగున పేరుకుంటుంది, నచ్చకపోతే విడదీయలేరు. మల్లె స్ప్రేను మాత్రం చిన్న సీసాలోకి తీసుకొని వెళ్ళండి, ఆఫీసు చేరి చెమట ఆరాక ఒక్కసారి చల్లుకుంటే చాలు. దాన్ని స్కూటరు డిక్కీలో గానీ స్నానాలగదిలో గానీ ఉంచవద్దు. వేడి, వెలుతురు తగిలితే ముందు పాడయ్యేవి ఆ పైపై తేలిక వాసనలే.

ఎన్‌ఏడీ దగ్గర వాసన పోయిందని మీకు అనిపించినా నిజంగా పోయి ఉండకపోవచ్చు. ఒకే వాసన ఎడతెగకుండా తగులుతుంటే ముక్కు దానిని పట్టించుకోవడం మానేస్తుంది. చందనోత్సవానికి ముందు రోజుల్లో సింహాచలం కొండ మీద చందనం అరగదీసే చోట కాసేపు నిలబడితే ఇది తెలుస్తుంది: ఆ ఘుమఘుమ కొత్తగా వచ్చినవారికే గుప్పుమంటుంది, అక్కడే ఉన్నవారికి తెలియదు. కస్తూరి తరహా కృత్రిమ వాసనలు కొన్నయితే కొందరి ముక్కుకు మొదటి నుంచీ అందనే అందవు. కాబట్టి మళ్ళీ చల్లుకునే ముందు ఆఫీసులో పక్క సీటు వారిని అడగండి. బస్సులో తలనొప్పి తెప్పించేది ఎక్కువగా తమ సెంటు తమకు తెలియక పదే పదే కొట్టుకునేవారే.

బట్టల బీరువాలో గుడ్డలో కట్టిన వట్టివేరు ఉంచండి. పూజాసామగ్రి దుకాణాల్లో దొరుకుతుంది. ఆ మట్టివాసన బట్టకు పట్టి ఉంటే చందనానికి బాగా నప్పుతుంది. మల్లెతో ఎలా ఉంటుందో మీరే చూసుకోవాలి, నాకు మాత్రం ఆ జోడీ నచ్చదు.