ఒక కంటికి మాలిగ్నెంట్ గ్లాకోమా వచ్చింది, రెండో కంటి ఆపరేషన్‌కి ముందు యూబీఎం తప్పదా?

శైలజ: అమ్మకు కుడి కంటికి ట్రాబెక్యులెక్టమీ (గ్లాకోమాలో కంటి ప్రెషర్ తగ్గించే ఆపరేషన్) చేశారు. ప్రెషర్ తగ్గాల్సింది పోయి 38కి ఎక్కింది. మాలిగ్నెంట్ గ్లాకోమా అన్నారు, అంటే కంట్లో ఊరే నీరు వెనక్కి మళ్లి ప్రెషర్ పెరగడమట. మానిటాల్ ఎక్కించి, అట్రోపిన్ చుక్కలు వేశాక దిగింది. ఇప్పుడు ఎడమ కంటికీ ఆపరేషన్ కావాలట, ముందు యూబీఎం (కంటి ముందు భాగాన్ని చూసే అల్ట్రాసౌండ్ స్కాన్) తీయించమన్నారు. బీ-స్కాన్ అనే అల్ట్రాసౌండ్ మొన్నేగా తీశారు? కంటి పొడవు 20.8 అని రాశారు, అది తక్కువా? ఒకటే టెన్షన్‌గా ఉంది.

రమణ: నాకు యూబీఎం తీశారండీ. మత్తు చుక్కలు వేసి, కంటి మీద చిన్న కప్పు పెట్టి నీళ్లు పోస్తారు. నొప్పేం లేదు, చిరాకు అంతే.

వాసు: శైలజగారూ, నేను ఈ స్కాన్లు తీసే ఆప్టోమెట్రిస్ట్‌ని. 20.8 మిల్లీమీటర్లంటే చిన్న కన్నే, మామూలుగా 23, 24 ఉంటుంది. కన్ను చిన్నదైనా లెన్స్ చిన్నదవదు కాబట్టి ముందు గది, అంటే కార్నియాకీ ఐరిస్‌కీ (రంగు పొర) మధ్య చోటు, ఇరుకవుతుంది. యాంగిల్ (నీరు బయటికి పోయే మూల) మూసుకుపోయే రకం గ్లాకోమా కూడా అయితే ముప్పు ఇంకా ఎక్కువ. అన్నిటికంటే నేను పట్టించుకునేది, ఒక కంటికి ఇప్పటికే రావడం.

బీ-స్కాన్ చూసేది కంటి వెనక భాగాన్ని. కోరాయిడ్ (రెటీనా కింది రక్తనాళాల పొర) కింద నీరో రక్తమో చేరిందా అన్నది అందులో తేలుతుంది. యూబీఎం తరంగాలు 35 నుంచి 50 మెగాహెర్ట్జ్. లోతుకి పోవు గానీ ఐరిస్‌కి సరిగ్గా వెనకాల ఉన్నదాన్ని పట్టిస్తాయి. ఈ జబ్బులో సిలియరీ బాడీ (ఐరిస్ వెనక నీరు ఊరే భాగం) ముందుకు తిరిగిపోయి, దాని ముడతలు లెన్స్ అంచుకు ఒత్తుకుని కనిపిస్తాయి. ఊరిన నీరు ముందుకు రాక విట్రియస్ (లెన్స్ వెనక ఉండే జెల్లీ) వైపు మళ్లి, లెన్స్‌నీ ఐరిస్‌నీ కలిపి తోస్తుంది. కొందరికి సిలియరీ బాడీ పక్కన సన్నటి నల్లగీతలా నీరు ఉంటుంది, బీ-స్కాన్‌లో అది దొరకడం కష్టం. ప్యూపిల్ బ్లాక్‌లో (నీరు కంటిపాప రంధ్రం దగ్గరే ఆగిపోయే రకం) గది మధ్యలో లోతు మిగులుతుంది, ఇందులో అదీ పోతుంది.

ఎడమ కంట్లో ఇరుకు ఎంతో ముందే తెలిస్తే, ప్రెషర్ ఒక్కసారిగా పడిపోకుండా సర్జన్ కుట్లు బిగువుగా వేసుకుంటారు. కుడి కంటి గాయం పచ్చిగా ఉంటే మాత్రం ఆ కంటికి కప్పు పెట్టనివ్వకండి, మానేదాకా ఆగమనండి.

శైలజ: చూపు మసకగా ఉందని అమ్మ అట్రోపిన్ వద్దంటోంది. ఆపేయొచ్చా?

వాసు: డాక్టర్ చెప్పకుండా ఆపొద్దండీ. ఆపాక మళ్లీ తిరగబెట్టిన వాళ్లున్నారు. పైలోకార్పిన్ (మరో రకం గ్లాకోమా చుక్కలు) సీసా ఇంట్లో మిగిలి ఉంటే పొరపాటున కూడా కుడి కంట్లో వేయకండి, అది సిలియరీ కండరాన్ని బిగించి లెన్స్‌ని ఇంకా ముందుకు తెస్తుంది.