ఒంటరిగా అనిపిస్తే విశ్వాసం తక్కువైనట్టేనా?

కిటికీ పక్క సీటు: వందనాలండి. అమ్మ ప్రభువు దగ్గరికి వెళ్లి ఏడు నెలలైంది. ఆదివారం ఆరాధన అయ్యాక అందరూ గుంపులు గుంపులుగా మాట్లాడుకుంటారు. నేనేమో బైబిల్ సంచి జిప్పు తీస్తూ, వేస్తూ, ఏదో సర్దుతున్నట్టు కాసేపు గడిపి బయటపడతాను. ఒక పెద్దాయనతో చెప్పుకుంటే, "యేసయ్య తోడుండగా ఒంటరినంటావేంటమ్మా, ఇంకా ప్రార్థించు" అన్నారు. లోపం నా విశ్వాసంలోనే ఉందా?

వాక్యప్రియుడు: సిస్టర్, మాట కటువుగా ఉన్నా ఆయన చెప్పింది తప్పు కాదు. మనుషుల్ని నమ్ముకుంటే ఎప్పుడో ఒకప్పుడు దెబ్బ తింటాం. చెరసాలలో పౌలు ఏమన్నాడు? అందరూ నన్ను విడిచిపోయారు, ప్రభువు మాత్రం నా పక్కన నిలిచాడు అన్నాడు (2 తిమోతి 4). పౌలుకు చాలిన దేవుడు మనకు చాలడా?

మూడో బెంచి: బ్రదర్, అదే అధ్యాయం కాస్త పైనుంచి చదవండి. "త్వరగా రా" అని, ఆ ఉత్తరం ఎవరికి రాశాడో ఆ శిష్యుడు తిమోతిని బతిమాలుతున్నాడు. తోటి పనివాళ్లలో దేమా వెళ్లిపోయాడు, లూకా ఒక్కడే ఉన్నాడు. త్రోయలో కర్పు దగ్గర వదిలిన అంగీ తెమ్మంటాడు, మార్కును వెంటబెట్టుకు రమ్మంటాడు. ఏ మార్కు? ఇతన్ని తీసుకెళ్లే విషయంలోనే కదా ఒకప్పుడు పౌలు, అతని తోటి సేవకుడు బర్నబా గొడవపడి విడిపోయింది! చివర్లో మళ్లీ, చలికాలం రాకముందే రా అంటాడు. ప్రభువు పక్కన నిలిచాడని రాసిన చేత్తోనే ఇదీ రాశాడు.

ఇంకొకటి. "నరుడు ఒంటరిగా నుండుట మంచిది కాదు" అన్న మాట ఆదికాండం 2లో ఉంది. పాపం వచ్చింది 3లో. అప్పటికి ఆదాము విశ్వాసంలో ఏం లోపముంది?

వాక్యప్రియుడు: అది పెళ్లి గురించి చెప్పిన మాట. మరి అంతోనీ లాంటి తొలినాటి క్రైస్తవ సన్యాసులు ఎడారిలో ఏళ్ల తరబడి ఒంటరిగా ఉండలేదా?

మూడో బెంచి: పెళ్లికే పరిమితమైతే, పెళ్లి చేసుకోని యేసు తనను పట్టుకునే ముందు రాత్రి గెత్సేమనే తోటలో ముగ్గురు శిష్యుల్ని పట్టుకుని "నాతో కూడ మెలకువగా ఉండండి" అని ఎందుకడిగినట్టు? (వాళ్లు నిద్రపోయారనుకోండి.) ఇక ఎడారి మాటకొస్తే, ఆ 4వ శతాబ్దంలోనే బిషప్పు బసిలు అడిగాడు: యేసు శిష్యుల పాదాలు కడిగాడు కదా, ఒక్కడివే ఉంటే నువ్వు ఎవరి పాదాలు కడుగుతావు?

దారి తప్పిన గొర్రె: మీ వచనాలు బాగానే ఉన్నాయి. విడాకులయ్యాక సంఘంలో నా పక్క కుర్చీ ఖాళీగానే ఉండేది. సంఘం అంటే కుటుంబం అని పాట పాడతారు, ఇంటికొచ్చి తలుపు కొట్టేవాళ్లు లేరు. ఇప్పుడు వెళ్లడం మానేశాను.

వాక్యప్రియుడు: అది మా తప్పే, ఒప్పుకుంటాను. మార్కు సంగతి కూడా నేను గమనించలేదు. అయినా మనుషులు లేకపోతే బతకలేం అనే దాకా వెళ్లకండి.

కిటికీ పక్క సీటు: అందరికీ థాంక్స్. ఆ పెద్దాయన భార్య కూడా పోయి చాలా ఏళ్లయింది. ఆరాధన అవగానే అందరికంటే ముందు వెళ్లిపోయేది ఆయనే. వచ్చేవారం వెళ్లి పక్కన కూర్చుందామనుంది. మళ్లీ అదే మాటంటారేమోనని కొంచెం టెన్షన్.