కడుపులో గడ్డకి సూది పరీక్ష చేయించాలా, వద్దా?

రాయగడ చిన్నోడు:
అమ్మకి 61 ఏళ్లు. ఏడు నెలలుగా రక్తం తక్కువ, విరేచనం తారులా నల్లగా వచ్చేది. ఇక్కడ ఐరన్ మాత్రలిచ్చి పంపారు. విశాఖలో స్కాన్ తీస్తే కడుపు గోడలో 6 సెంటీమీటర్ల గడ్డ. జిస్ట్ కావచ్చన్నారు, అంటే కడుపు, పేగుల గోడలో వచ్చే ఒక రకం క్యాన్సర్ గడ్డ. ఎండోస్కోపీలో తీసిన ముక్కలో ఏమీ తేలలేదు. ఇప్పుడు గొంతులోంచి దించే గొట్టం చివర స్కాన్ ఉండే ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్‌తో సూది పరీక్ష చేస్తామంటున్నారు. అన్నయ్య ససేమిరా అంటున్నాడు. ఏం చేయమంటారు?

పర్లాకిమిడి మాస్టారు:
చేయించకు బాబూ. సూది తగిలితే పాకుతుంది. మా బావమరిది పరీక్ష అయిన నాలుగు నెలలకే పోయాడు.

గుణుపురం:
మా పిన్నికీ అంతే.

జయపురం ల్యాబ్:
మాస్టారూ, భయపెట్టకండి. పదేళ్లుగా ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. జిస్ట్ పుట్టేది కడుపు లోపలి పొరలో కాదు, దాని కింది కండరంలో. అందుకే పైపైన గిల్లిన ముక్కలో దొరకదు. పొట్ట చర్మం మీంచి గుచ్చితే గడ్డ చిట్లి కణాలు లోపల చెదిరే ప్రమాదం ఉంది, నిజమే. గొంతులోంచి గొట్టం దించి కడుపు లోపలి నుంచి తీస్తే ఆ భయం చాలా తక్కువ. తేలిగ్గా తీయగల గడ్డయితే సూది లేకుండానే ఆపరేషన్ చేసేవాళ్లూ ఉన్నారు. ముందు జిస్ట్‌కి వాడే ఇమాటినిబ్ మాత్ర‌తో కుదించాలంటే మాత్రం ముక్క తప్పదు. అది జిస్టేనని తేల్చడానికి ఆ ముక్కలో సీడీ117, డాగ్1 అనే ప్రొటీన్లు చూడాలి. జన్యు పరీక్ష కూడా చేయించాలి, పీడీజీఎఫ్‌ఆర్‌ఏ అనే జన్యువులో డీ842వీ అనే మార్పు ఉంటే ఆ మాత్ర పనిచేయదు. సర్జన్‌ని ఒక్కటే అడగండి: నేరుగా తీస్తారా, కుదించి తీస్తారా?

పర్లాకిమిడి మాస్టారు:
సూది తర్వాతే మావాడు మంచం పట్టాడు. దానికి జవాబు చెప్పండి.

జయపురం ల్యాబ్:
ఆయనకి గడ్డ ఎక్కడ?

పర్లాకిమిడి మాస్టారు:
పాంక్రియాస్‌లో.

జయపురం ల్యాబ్:
అది వేరే జబ్బండీ! చాలామందికి ముదిరాకే బయటపడుతుంది. దాన్ని తెచ్చి ఈ అబ్బాయి తల్లికి అంటగడతారా?

పర్లాకిమిడి మాస్టారు:
నా మీద ఎగరకండి. గ్యాస్ అని చెప్పి వాణ్ని బరంపురం తీసుకెళ్లింది నేనే. సూది చూసి "బావా, గ్యాస్‌కి ఇదెందుకు?" అని నా చెయ్యి పట్టుకున్నాడు. నేను కిటికీ వైపు తిరిగిపోయాను.

రాయగడ చిన్నోడు:
మేమూ అమ్మకి పుండనే చెప్పాం. అన్నయ్య భయం సూది గురించి కాదు. రిపోర్టు వస్తే జబ్బు పేరు చెప్పాల్సి వస్తుందని.

గుణుపురం:
చెప్పకండి. పెద్దావిడ, తట్టుకోలేదు.

జయపురం ల్యాబ్:
తట్టుకోలేదని మీరెలా అంటారు? జబ్బు మళ్లీ వచ్చే రిస్కు ఎక్కువని తేలితే ఆపరేషన్ అయ్యాక ఇమాటినిబ్ రోజుకి 400 మిల్లీగ్రాములు, మూడేళ్లు వేసుకోవాలి. వికారం ఉంటుంది, కళ్ల చుట్టూ ఉబ్బుతుంది. పుండుకి మూడేళ్ల మందేమిటని ఆవిడ మధ్యలో మానేస్తే ఎవరిది పాపం?

రాయగడ చిన్నోడు:
నిన్న రాత్రి అమ్మ స్కాన్ ఫిల్మ్ ట్యూబ్‌లైట్‌కి ఎత్తిపట్టి చూస్తోంది. "పుండైతే ఇంత గుండ్రంగా ఉంటాదేట్రా?" అంది. సోమవారం విశాఖ బండి ఎక్కేలోపే చెప్పేస్తాను. అన్నయ్య తిడితే తిట్టనీ.

పర్లాకిమిడి మాస్టారు:
చెప్పు బాబూ. సూది సంగతి మాత్రం సర్జన్‌ని ఇంకోసారి అడుగు.