పగ సినిమాల్లో తల్లులు: న్యాయం కోసమా, మన కసి తీరడం కోసమా?

కావలి టీచరమ్మ: రాత్రి టీవీలో మళ్లీ శ్రీదేవి ‘మామ్’ చూశాను. 2017లో వచ్చింది, ఆమె 300వ సినిమా, చనిపోయాక జాతీయ అవార్డు ఇచ్చింది కూడా దీనికే. నటనకు వంక పెట్టేది లేదు. నా గొడవంతా కథతోనే. కూతురి మీద అత్యాచారం చేసిన నిందితులను కోర్టు వదిలేయగానే బయాలజీ టీచరైన ఆ తల్లి ఒక్కొక్కరి పని పడుతుంది. బిడ్డకు అన్యాయం జరిగితే తల్లి అన్నది చేయాల్సింది అదే అన్నట్టు చూపిస్తారు. ఏళ్ల తరబడి వాయిదాలకు తిరిగే తల్లి మీద సినిమా ఎందుకు తీయరు?

పొదిలి శీను: ఎవరు చూస్తారండీ? కోర్టు వదిలేశాక ఆమె చేతులు కట్టుకుని కూర్చోవాలా? మన ప్రకాశం జిల్లా డైరెక్టర్ టి. కృష్ణ గారు 1985లోనే ‘ప్రతిఘటన’లో విజయశాంతి చేత గొడ్డలి పట్టించారు. ఆ సీనుకు హాలు దద్దరిల్లిపోయేదని మా నాన్న ఇప్పటికీ చెప్తాడు.

ఒంగోలు బాషా: ఆ సినిమాలో ఆమె లెక్చరర్ కదన్నా, అక్కడ గొడ్డలి పట్టింది బిడ్డ కోసం కాదు. ఇంకోటి, మామ్‌లో శ్రీదేవి సవతి తల్లి. పెద్దపిల్ల ఆమెను తల్లిగా ఒప్పుకోదు. ఆ పిల్ల మనసు గెలవడం కోసమే ఇంత చేసిందన్నట్టు ఉంటుంది నాకైతే.

పొదిలి శీను: సవతి తల్లయినా అంత చేసిందంటే ఇంకా గొప్ప కదా.

ఒంగోలు బాషా: గొప్ప కాదనలేదు. పిల్ల దగ్గర తల్లి అనిపించుకోవాలంటే హత్య చేయాలా అంటున్నా.

సూళ్లూరుపేట చందు: ‘దృశ్యం’లో నదియా కూడా తల్లే. కొడుకు కోసం హీరో చిన్న కూతుర్ని కూడా కొట్టిస్తుంది. ఆమెది న్యాయమా?

పొదిలి శీను: కొడుకు తప్పు చేశాడు కాబట్టి అది వేరే లెక్క.

కావలి టీచరమ్మ: వేరే ఎట్లవుతుంది శీనూ? ఆమెకు మాత్రం తన బిడ్డ బిడ్డే. ఎవరి వైపు నిలబడాలో డైరెక్టర్ మనకు ముందే చెప్పేస్తాడు, మనం చప్పట్లు కొడతాం. పైగా ఈ తల్లులకు బాధ్యతలేవీ ఉన్నట్టు చూపించరు. మామ్‌లో చిన్న కూతురుంది, కానీ అమ్మ జైలుకు పోతే ఆ పిల్ల గతేంటన్న ఆలోచన కథలో ఎక్కడైనా బరువుగా ఉందా?

నెల్లూరు లాయర్: టీచర్ గారి మాటకు నాదొకటి కలుపుతాను. నిర్భయ తల్లి 2012 డిసెంబర్ నుంచి 2020 మార్చి 20 దాకా కోర్టుల చుట్టూ తిరిగారు. ఉరి తేదీ ఖరారయ్యాక కూడా మూడుసార్లు వాయిదా పడింది. అంతకంటే టెన్షన్ ఏ థ్రిల్లర్‌లో ఉంది? మన రాష్ట్రంలోనే ఆయేషా మీరా కేసు చూడండి. 2007లో విజయవాడ దగ్గర హాస్టల్లో హత్య జరిగింది. ఒక కుర్రాడికి 2010లో శిక్ష వేశారు. చేసింది అతను కాదని మొదటినుంచీ చెప్పింది ఆ అమ్మాయి తల్లే. చివరికి 2017లో హైకోర్టు అతన్ని నిర్దోషిగా వదిలింది. ఆ తల్లి సినిమా తల్లిలాగా కత్తి పట్టి ఉంటే ఎవరిని పొడిచేది?

పొదిలి శీను: చదువుకున్నోళ్లు ఎన్నైనా చెప్తారు. నెత్తిన పడితే తెలుస్తుంది.

కావలి టీచరమ్మ: నెత్తిన పడిన ఆడవాళ్లు మీ ఇంట్లో, వీధిలో ఉండే ఉంటారు. వాళ్లనడుగు, గొడ్డలి కావాలంటారో, తోడుగా కోర్టుకొచ్చే మనిషి కావాలంటారో.

పొదిలి శీను: మా ఇంటి సంగతి ఎత్తబాకండి. ఎత్తారు కాబట్టి చెప్తున్నా. మా అక్కను కట్నం కోసం అత్తగారింట్లో కాల్చేశారు. పెద్దమనుషులు మా అరుగు మీదే కూర్చుని, పసిబిడ్డను మాకిచ్చేలా, పెట్టుపోతలు తిరిగిచ్చేలా మాట్లాడేశారు. మా అమ్మ కోర్టులో బోనెక్కి, స్టవ్ పేలిందని చెప్పింది. పమిట చెంగు వేలికి చుట్టుకుంటూ, జడ్జి రెండోసారి అడిగినా అదే మాట. వెనక బెంచీ మీద నేనున్నా. అందరూ బయటికొచ్చేశారు. అప్పట్నుంచి తెరమీద ఏ తల్లి కత్తి పట్టినా నాకు కడుపు చల్లబడుతుంది. మీకేం తెలుసు?

ఒంగోలు బాషా: అన్నా, తెలియక మాట్లాడాం.

నెల్లూరు లాయర్: శీను గారూ, వరకట్న చావు కేసులో రాజీకి చట్టం ఒప్పుకోదు. పాత శిక్షాస్మృతి ఐపీసీలో సెక్షన్ 304బీ అయినా, దాని బదులు ఇప్పుడున్న బీఎన్‌ఎస్‌లో సెక్షన్ 80 అయినా అంతే. అందుకే రాజీ బయట కుదురుస్తారు, బోనులో సాక్షి చేత మాట మార్పిస్తారు. ఇట్లా పోయిన కేసులు నేను చాలా చూశాను.

కావలి టీచరమ్మ: శీనూ, మీ అమ్మ ఆ మాట చెప్పకపోతే ఆ పసిబిడ్డను మీకిచ్చేవాళ్లా? అరుగు మీద కూర్చున్న వాళ్లలో మీ నాన్న లేడా? కూతుర్ని పోగొట్టుకున్న మనిషి, మనవరాలైనా దక్కాలనుకుంది. ఆమె మీద నీకింత కోపముంది, అరుగు మీద వాళ్ల మీద ఏదీ? ఈ సినిమాలూ అంతే, భారమంతా తల్లి నెత్తినే పెడతాయి. చంపితే దేవత, చంపకపోతే పిరికిది.

పొదిలి శీను: నాన్న ఉన్నాడు. ఆయనే ముందు తలూపాడు. అయినా బోనులో నోరు తెరిచింది అమ్మ కదా. నిజం చెప్పి ఉంటే చాలు, నేను గొడ్డలి అడగలేదు.

కావలి టీచరమ్మ: ఆమె నిజం చెప్పాల్సిందని నువ్వంటున్నావు. ఆమె చేత అబద్ధం చెప్పించిన వాళ్లను బోనెక్కించాల్సిందని నేనంటున్నాను.

పొదిలి శీను: వాళ్లెప్పుడూ ఎక్కరు టీచరమ్మా. మా ఊళ్లో పంచాయితీ ఏదొచ్చినా ఇప్పటికీ వాళ్లనే పిలుస్తారు.