దీవిలో రాతి పనిముట్లు: మనిషి చేసినవేనని ఎలా చెబుతారు? అక్కడికి ఎలా చేరాడు?

వలసరవాక్కం వాణి:
మా వాడు ఎనిమిదో క్లాసు. పోయిన ఆదివారం చెన్నై ఎగ్మోర్ మ్యూజియంలో ఇంగ్లీషు భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ సేకరించిన రాతి పనిముట్లు చూపించాను. 1863లో మన పల్లావరంలోనే ఆయనకు మొదటి చేగొడ్డలి దొరికిందని చెబితే, వాడు అద్దానికి ముక్కు ఆనించి చూసి "రోడ్డు పనికి తెచ్చిన కంకరలాగే ఉన్నాయి కదమ్మా, మనిషి చేశాడని ఎవరు చెప్పారు?" అన్నాడు.

దానికే జవాబు లేదంటే ఇంకోటి. ఇండోనేషియాలోని సులవేసి దీవిలో 10 లక్షల ఏళ్ళ నాటి రాతి పనిముట్లు దొరికాయని ఎక్కడో చదివాడు. అన్నేళ్ళ కిందట పడవ ఎవరు కట్టారు? ట్యూషన్ మాస్టారేమో "అప్పట్లో సముద్రం వెనక్కి పోయింది, నడిచే వెళ్ళారు" అని తేల్చేశారట. అంతేనా?

పెరంబూర్ ప్యాసింజర్:
మాస్టారి మాట జావాకి సరిపోతుంది, సులవేసికి కాదు. మంచుయుగంలో సముద్రమట్టం 120 మీటర్ల దాకా దిగింది. జావా, సుమత్రా, బోర్నియో ఆసియాతో కలిసిపోయాయి. మనకీ శ్రీలంకకీ మధ్య సముద్రం లోతు లేదు కాబట్టి అక్కడికీ నడిచే పోవచ్చు. సులవేసి, దాని దక్షిణాన ఉన్న ఫ్లోరెస్ దీవి, వీటి చుట్టూ ఉన్నది లోతైన సముద్రం. ఎంత చలికాలం వచ్చినా ఆ నీళ్ళు ఎండలేదు.

బేతంచెర్ల బండలు:
వాణిగారూ, మాది బేతంచెర్ల. మాధవరంలో నాపరాళ్ళ గోడౌన్ ఉంది నాకు. చదువు తక్కువేగానీ రాయి ఎట్లా పగులుతుందో పాతికేళ్ళుగా చూస్తున్నా. మా ఊరి పక్క బిలాసర్గం గుహలు కూడా మీ ఫుట్ దొరగారు తవ్వించినవే. ఆ పిచ్చితోనే ఇవన్నీ చదువుతుంటాను.

మీవాడి ప్రశ్న మంచిది. సన్నటి రేణువుల రాయి అంచుకి దగ్గర్లో సుత్తితో ఒక్క దెబ్బ వేస్తే పెచ్చు లేస్తుంది. ఆ పెచ్చు లోపలివైపు, దెబ్బ తగిలిన చోటికి కిందే చిన్న ఉబ్బు ఉంటుంది. అక్కణ్ణుంచి చెరువులో రాయి వేసినట్టు అలలు అలలుగా గీతలు పోతాయి. దెబ్బ పడ్డ జాగా చదునుగా మిగులుతుంది. ఎండకో చలికో పగిలిన రాయికి ఈ ఉబ్బు రాదు. ఏట్లో దొర్లిన రాయికీ ఒకటో రెండో పెచ్చులు లేస్తాయి, నిజమే. కానీ ఒకే అంచు పట్టుకుని వరసగా, ఒక పెచ్చు గుంతను ఆనుకుని ఇంకోటి, కోణం చూసుకుని తీసినట్టుంటే అది చేతి పనే. ఏరు అంత ఓపిగ్గా కొట్టదు.

ఇక వయసు. రాయికి వయసు కట్టి లాభం లేదు, పెచ్చు తీయకముందే అది కోట్ల ఏళ్ళది. అది ఏ పొరలో కూరుకుపోయిందో దాని వయసు చూస్తారు. సులవేసిలో కాలియో అనే చోట, మొక్కజొన్న చేల మధ్య, ఇసుకరాతి పొరలో దొరికినవి ఏడంటే ఏడు చిన్న పెచ్చులు. భూమి అయస్కాంతం లక్షల ఏళ్ళలో అప్పుడప్పుడూ తలకిందులవుతుంది; ఆ పొర పేరుకునేటప్పుడు అది ఏ దిక్కు చూపేదో, అక్కడే దొరికిన అడవిపంది శిలాజం ఎంత పాతదో రెండూ కలిపి లెక్కకట్టారు. తక్కువలో తక్కువ 10 లక్షల 40 వేల ఏళ్ళని 2025లో ప్రకటించారు. ఫ్లోరెస్‌లో వోలో సెగె దగ్గర పని ఇంకా తేలిక, పనిముట్ల పైన అగ్నిపర్వతం కక్కిన పొర ఉంది. దాని వయసు 10 లక్షల 20 వేలు. అంటే కింద ఉన్నవి అంతకన్నా పాతవే.

గ్రీసులోని క్రీట్ దీవి సంగతి మాత్రం నాకంత నమ్మకం కుదరదు. ప్లాకియాస్ దగ్గర లక్షా 30 వేల ఏళ్ళ నాటివని 2010లో చెప్పారు. చాలావరకు నేల మీద ఏరినవి. పొరలో ఉన్నదానికీ పైన పడి ఉన్నదానికీ తేడా లేదా?

తాంబరం హాస్టల్:
బాబాయ్, ఒక అడ్డు ప్రశ్న. థాయిలాండ్‌లో కోతులు గింజలు పగలగొడుతుంటే రాళ్ళు దెబ్బ తప్పి పెచ్చులు లేస్తున్నాయని, అవి ఆదిమానవుల పెచ్చుల్లాగే ఉన్నాయని 2023లో వచ్చింది. మరి సులవేసిలో కూడా కోతులున్నాయి!

బేతంచెర్ల బండలు:
సరైన చోట పట్టుకున్నావు అబ్బాయ్. విడిగా ఒక పెచ్చు చేతిలో పెడితే నేనూ చెప్పలేను. కానీ గింజలు కొట్టే చోట సుత్తిరాయీ, కింది దిమ్మా ఉంటాయి, వాటి మీద దెబ్బల మచ్చలుంటాయి. కోతికి కావలసింది గింజ, పెచ్చు కాదు. ఫిలిప్పీన్స్‌లోని లూజాన్ దీవిలో అయితే ఈ గొడవే లేదు. 7 లక్షల ఏళ్ళ నాటి ఖడ్గమృగం ఎముకల మీద కోసిన గాట్లు, పక్కనే పనిముట్లు. ఏ కోతి కోసింది?

దాటడం గురించి నా అభిప్రాయం: పడవ అక్కర్లేదు. 2004 సునామీలో ఇండోనేషియాలోని ఆచే మనిషి ఒకాయన కొట్టుకుపోయిన కొమ్మలు పట్టుకుని 8 రోజులు తేలాడు. ఒడ్డుకు 160 కిలోమీటర్ల దూరంలో ఓడవాళ్ళు లాగారు. మెరీనాలో ఆ రోజు చూసినవాళ్ళకి నీటి బలం చెప్పక్కర్లేదు. పది లక్షల ఏళ్ళలో అట్లాంటి అలలు ఎన్ని వచ్చి ఉంటాయి? మగా ఆడా కలిసి నలుగురు ఒకే దుంగకు చిక్కితే చాలు. ప్లాన్ వేసుకుని తెడ్డు వేశారంటే మాత్రం నేను ఒప్పుకోను.

పెరంబూర్ ప్యాసింజర్:
ఎవరనేది వేరే సంగతి. ఫ్లోరెస్‌లో 2003లో లియాంగ్ బువా గుహలో మీటరు ఎత్తు మనిషి ఎముకలు దొరికాయి. కాలియోలో మనిషి ఎముక ఒక్కటీ లేదు, పనిముట్లే. చేసినవాడు మన జాతి మాత్రం కాదు, మనం అప్పటికి పుట్టలేదు.

వలసరవాక్కం వాణి:
అందరికీ థ్యాంక్స్. మరి మన అండమాన్ సంగతేంటి అంటున్నాడు.

బేతంచెర్ల బండలు:
అక్కడ తవ్విన గుల్లల దిబ్బలకు 2 వేల ఏళ్ళ పైచిలుకే వయసు తేలిందమ్మా. అంతకు ముందటి ఒడ్డు ఇప్పుడు నీళ్ళకింద ఉంది. కానీ పెచ్చు తీసే పని అక్కడ నిన్నమొన్నటిదాకా ఉంది. ఓడల నుంచి సీసాలు దొరకడం మొదలయ్యాక పలుగురాయి పక్కన పెట్టి సీసా గాజు పెచ్చులతో తల గొరుక్కునేవారని 19వ శతాబ్దపు ఇంగ్లీషు దొరలు రాసిపెట్టారు. మీవాడు ఇంట్లో సీసా పగలగొట్టి చూస్తానంటే మాత్రం ఒప్పుకోవద్దు. ఆదివారం గోడౌన్‌కి తీసుకురండి, కళ్ళకు అద్దాలు పెట్టి చెకుముకి రాయి మీద నేనే చూపిస్తాను.